డిలీట్ కాలేదు, తాళం పడిందంతే!

చర్మ కణమైనా, గుండె కణమైనా, అన్నీ పుట్టింది ఒక్క కణం నుంచే కదా. మరి చర్మం గుండెలా ఎందుకు కొట్టుకోదు? 19వ శతాబ్దం చివర్లో జర్మనీకి చెందిన వైజ్‌మాన్ ఓ జవాబు చెప్పాడు: కణం ఒక పనిలో కుదురుకునేటప్పుడు తనకి అక్కర్లేని వారసత్వ సమాచారాన్ని పోగొట్టుకుంటుందని. మన భాషలో, వాడని ఫైళ్ళు డిలీట్ చేసేస్తుందన్నమాట.

1952లో అమెరికాలో బ్రిగ్స్, కింగ్ అనే ఇద్దరు కప్ప గుడ్డులోని కేంద్రకాన్ని తీసేసి, లేత పిండంలోని కణ కేంద్రకాన్ని అందులో పెట్టారు. తోకకప్పలు పుట్టాయి. కానీ ముదిరిన పిండాల కణాలతో చేస్తే దాదాపు అన్నీ విఫలమే. ఇంకేం, కణానికి వెనక్కి దారి లేదన్న నమ్మకం గట్టిపడింది.

ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గర్డన్ అనే కుర్రాడు ఇదే పని ఆఫ్రికా కప్పలతో మొదలుపెట్టాడు. స్కూల్లో బయాలజీలో 250 మందిలో 250వ వాడు! 1962లో అతను ప్రచురించిన లెక్క ఇది: తోకకప్పల పేగు కణాలతో 726 ప్రయత్నాలు, బతికి బట్టకట్టిన తోకకప్పలు 10. ఒకటిన్నర శాతం కూడా లేదు. కానీ ఇక్కడే అసలు సంగతి ఉంది. ఫైలు నిజంగా డిలీట్ అయిపోతే ఒక్కటి కూడా రాకూడదు కదా! 716 వైఫల్యాలు మన చేతకానితనాన్ని చెప్తాయేమో గానీ, ఆ పది మాత్రం సమాచారం భద్రంగా ఉందని చెప్పాయి. పెద్దవాళ్ళు చాలా ఏళ్ళు నమ్మలేదు. 1996లో స్కాట్లండ్‌లో పెద్ద గొర్రె పొదుగు కణంతో డాలీ పుట్టాక (277 ప్రయత్నాలకి ఒక్కటి) క్షీరదాల విషయంలోనూ అనుమానం తీరింది.

సరే, గుడ్డు తాళం తీస్తోంది. తాళంచెవి ఏది? 1987లో వైన్‌ట్రాబ్ బృందం మయోడి అనే ఒకే జన్యువుతో ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాల్ని కండర కణాలుగా మార్చింది. 2006లో క్యోటోలో యమనక, తకహాషి 24 జన్యువుల్ని ఒకేసారి ఎలుక కణాల్లో పెట్టారు. పనిచేసింది. తర్వాత ఒక్కోసారి ఒక్కో జన్యువు తీసేసి చూశారు, మనం లైన్లు కామెంట్ చేసి బగ్ వెతికినట్టే! చివరికి నాలుగు చాలని తేలింది. 2007లో మనిషి కణాలతోనూ సాధించారు. 2012లో గర్డన్, యమనకలకి కలిపి నోబెల్. యమనక పుట్టింది 1962లోనే, చిత్రం కదూ!

అయితే ఆ నాలుగింట్లో సి-మిక్ క్యాన్సర్‌తో సంబంధం ఉన్న జన్యువు. ఈ కణాల నుంచి పుట్టిన ఎలుకల్లో కొన్నిటికి కణితులు వచ్చాయి. 2014లో జపాన్‌లో మసాయో తకహాషి బృందం ఒకావిడ కంట్లో, ఆవిడ చర్మం నుంచే తయారుచేసిన రెటీనా కణాల పొర అమర్చింది. రెండో రోగికి సిద్ధం చేసిన కణాల్లో జన్యు మార్పులు కనపడగానే 2015లో ఆపేశారు. నా దృష్టిలో ఈ చరిత్రలో గర్డన్ పది తోకకప్పలంత గొప్ప ఘట్టం ఇదే.

ఎందుకంటే తాళం తియ్యగలగటం వేరు, తీశాక లోపల ఏం జరుగుతుందో తెలియటం వేరు. "స్టెమ్ సెల్స్‌తో మోకాళ్ళ నుంచి ఆటిజం దాకా అన్నీ నయం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క ప్రశ్న వెయ్యండి: ఎంతమందికి చేశారు, ఎంతమందికి తగ్గలేదు? గర్డన్ తన 716 కూడా లెక్కలో చూపించాడు. చూపించనివాడికి మన ఒళ్ళు అప్పగించక్కర్లేదు.