వేసవికి మాత్రమే అన్నయ్య

కౌన్సెలింగ్ అనగానే మనకు ఎంసెట్ ర్యాంకు, కాలేజీ కోడ్, వెబ్ ఆప్షన్లు గుర్తొస్తాయి. కౌన్సిలర్ అంటే మురుగుకాల్వ పూడిక తీయించమని వార్డు జనం వెంటపడే మనిషి. అమెరికా పిల్లల్ని అడిగితే మూడో అర్థం చెబుతారు. వేసవిలో ఊరికి దూరంగా, సరస్సు ఒడ్డున, చెక్క క్యాబిన్‌లో ఎనిమిది మంది పిల్లలతో పాటు పడుకునే పంతొమ్మిదేళ్ల కుర్రాడో అమ్మాయో వాళ్లకు కౌన్సెలర్. పొద్దున్నే లేపాలి. పళ్లు తోముకున్నారో లేదో చూడాలి. ఈత దగ్గర తలలు లెక్కపెట్టాలి. దెబ్బలాటలు తీర్చాలి. రాత్రి అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాడి పక్కన కూర్చోవాలి. పక్క తడిపినవాడి దుప్పటిని మిగతా ఏడుగురూ లేవకముందే మార్చేయాలి. జీతం తక్కువ, నిద్ర ఇంకా తక్కువ. పాత క్యాంపు పుస్తకాల్లో ఈ ఉద్యోగిని మన మునిసిపాలిటీ కౌన్సిలర్ స్పెల్లింగుతోనే రాసేవాళ్లు. ఇతను సభలో కూర్చునేవాడో సలహా చెప్పేవాడో తేలడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

క్యాంపు ముందు పుట్టింది, కౌన్సెలర్ తర్వాత పుట్టాడు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. కనెక్టికట్ రాష్ట్రంలోని వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడరిక్ గన్ అనే పంతులు ఒక బోర్డింగ్ స్కూలు నడిపేవాడు. బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించిన మనిషి. చుట్టూ సైన్యాల కబుర్లే కావడంతో బడిపిల్లలకు తామూ కవాతు చెయ్యాలని, గుడారాల్లో పడుకోవాలని సరదా పుట్టింది. ఆ వేసవిలో గన్, ఆయన భార్య అబిగైల్ కలిసి బడిని దాదాపు 40 మైళ్లు నడిపించి మిల్‌ఫర్డ్ సముద్రతీరానికి తీసుకెళ్లారు. రెండు వారాలు పడవలు, చేపలు, రాత్రిళ్లు నెగళ్లు. అమెరికాలో మొదటి పిల్లల క్యాంపు ఇదేనని అక్కడివాళ్లు లెక్కేస్తారు. ఆ లెక్క నాకు పూర్తిగా నచ్చదు. పంతులు పంతులుగానే ఉన్నాడు, పిల్లలు ఆయన పిల్లలే. బడి గుడారాల్లోకి మారింది, అంతే. 1876లో పెన్సిల్వేనియాలో జోసెఫ్ రాత్‌రాక్ అనే డాక్టరు బలహీనంగా ఉన్న మగపిల్లల్ని కొండల్లోకి తీసుకెళ్లాడు. ఆయన దగ్గర వాళ్లు సగం విద్యార్థులు, సగం రోగులు.

ఈ కథలో అసలు మనిషి 1881లో వచ్చాడు. పేరు ఎర్నెస్ట్ బాల్చ్. అప్పటికి డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థి. డబ్బున్న కుటుంబాలు వేసవి రాగానే నగరం వదిలి హోటళ్లలో మకాం పెట్టేవి. ఆ వరండాల్లో నౌకర్ల సేవలు చేయించుకుంటూ, ఏమీ తోచక తిరిగే మగపిల్లల్ని చూసి అతనికి చిరాకేసింది. న్యూ హాంప్‌షైర్‌లో స్క్వామ్ సరస్సు మధ్యనున్న ఒక దీవిలో చొకోరువా అనే క్యాంపు పెట్టాడు. నౌకర్లు ఉండకూడదన్నది మొదటి నియమం. వంట, అంట్లు, పడవల మరమ్మతు అన్నీ పిల్లలే వంతులవారీగా చెయ్యాలి. ఇంటి నుంచి ఎంత డబ్బు రావాలో హద్దు పెట్టాడు. అంతకు మించి కావాలంటే పనులు కాంట్రాక్టుకు తీసుకుని సంపాదించుకోవాలి. దానికో బ్యాంకు కూడా ఉండేది. కోటీశ్వరుల పిల్లలు గిన్నెలు తోమి లెక్కలు రాసుకున్నారు.

బాల్చ్ తనతో పెట్టుకున్న సిబ్బంది దాదాపు అతని ఈడువాళ్లే, కాలేజీ కుర్రాళ్లు. నా దృష్టిలో కౌన్సెలర్ పుట్టింది ఇక్కడే. తండ్రిలా కొట్టడు, పంతులులా మార్కులు వెయ్యడు, నౌకరులా చెప్పింది చెయ్యడు. పిల్లాడికంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, అంతే. ఆ కాస్త దూరం నుంచే అతనికి మాట చెల్లుబాటవుతుంది. మన ఇళ్లలో ఈ మనిషికి ఎప్పటినుంచో పేరుంది: అన్నయ్య. ఉమ్మడి కుటుంబంలో ఊరికే దొరికే అన్నయ్యను అమెరికా వేసవికి జీతమిచ్చి తెచ్చుకోవాల్సి వచ్చింది.

చొకోరువా 1889 తర్వాత నడవలేదు. అప్పులు మిగిలాయి. ఆ దీవిలో చెట్ల కింద ఇప్పటికీ వేసవి ఆదివారాల్లో ప్రార్థనలు జరుగుతాయి. కేథరిన్ హెప్‌బర్న్, హెన్రీ ఫోండా నటించిన ‘ఆన్ గోల్డెన్ పాండ్’ సినిమా తీసింది ఈ సరస్సులోనే.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. అమెరికాలో వేసవి సెలవులు పొలం పనుల కోసం వచ్చాయని చాలామంది నమ్ముతారు. పొలాలకు పిల్లలు కావలసింది విత్తే వసంతంలో, కోసే శరత్తులో. పల్లె బడులు ఎండాకాలంలో కూడా నడిచేవి. నగరాల్లో ఉక్క, జబ్బులు, స్తోమతున్నవాళ్ల వలసలు కలిసి పొడుగాటి సెలవుల్ని స్థిరపరిచాయి. ఆ ఖాళీలోకే క్యాంపు వచ్చి కూర్చుంది.

1885లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థ తరఫున సమ్నర్ డడ్లీ ఏడుగురు పిల్లలతో న్యూయార్క్ రాష్ట్రంలో ఆరెంజ్ సరస్సు దగ్గర మకాం వేశాడు. బయల్దేరే ముందు గుండ్లు గీయించుకున్నారట, అందుకే ఆ మకాంకి ‘బట్టతల క్యాంపు’ అని పేరొచ్చింది. తర్వాత షాంప్లేన్ సరస్సు ఒడ్డుకు చేరిన ఆ క్యాంపు డడ్లీ పేరుతో ఈనాటికీ నడుస్తోంది. గుండ్ల సంగతి ఎలా ఉన్నా, వైఎంసీఏ చేతిలో పడ్డాక ఈ పనికి పద్ధతి వచ్చింది. 1911లో హెచ్. డబ్ల్యు. గిబ్సన్ రాసిన ‘క్యాంపింగ్ ఫర్ బాయ్స్’లో నాయకత్వానికి విడిగా ఒక అధ్యాయమే ఉంది.

ఆడపిల్లల క్యాంపులు ఆలస్యంగా వచ్చినా చప్పున పాకాయి. 1902లో లారా మాటూన్ న్యూ హాంప్‌షైర్‌లో కెహోంకా క్యాంపు నడపడం మొదలుపెట్టింది. మెయిన్ రాష్ట్రంలో షార్లెట్, లూథర్ గులిక్ దంపతుల క్యాంపు నుంచి క్యాంప్ ఫైర్ గర్ల్స్ సంస్థ పుట్టింది. ఇంట్లో పొడుగు గౌన్లలో కదలాల్సిన అమ్మాయిలు ఇక్కడ బ్లూమర్లు వేసుకుని తెడ్డు పట్టారు. కాలేజీ చదివిన ఆడపిల్ల పెళ్లికీ పంతులమ్మ ఉద్యోగానికీ మధ్య ఒక వేసవి కౌన్సెలర్‌గా, తనకు తానే యజమానిగా బతకగలిగిన చోటు ఇది. మగ కౌన్సెలర్ల చరిత్రలో ఇంత విలువైన ముక్క కనపడదు.

ఇదే కాలంలో క్యాంపులకు ఆదివాసుల వేషం పట్టుకుంది. ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ 1902లో ‘వుడ్‌క్రాఫ్ట్ ఇండియన్స్’ మొదలుపెట్టాక నెగడు చుట్టూ చేరడం ‘కౌన్సిల్ ఫైర్’ అయింది, పిల్లల గుంపులు తెగలయ్యాయి, కౌన్సెలర్ ఈకలు పెట్టుకుని నాయకుడయ్యాడు. ఆ జనం నేలను లాక్కుని, వాళ్ల పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్లలో పెట్టి సొంత భాష మాట్లాడనివ్వని రోజుల్లోనే తెల్లవాళ్ల పిల్లలు సరస్సుల ఒడ్డున ఆ వేషం కట్టారు. డకోటా తెగలో పుట్టి డాక్టరైన చార్లెస్ ఈస్ట్‌మన్ 1915లో న్యూ హాంప్‌షైర్‌లో కుటుంబంతో కలిసి సొంత క్యాంపు పెట్టాడు. వేషం అక్కర్లేని మనిషి అతనొక్కడే. ఆ తెగల ఆటల్ని, పేర్లను చాలా క్యాంపులు ఈమధ్యే వదులుకుంటున్నాయి.

1920ల్లో మనస్తత్వశాస్త్రం వచ్చి కౌన్సెలర్ చేతిలో నోటుబుక్కు పెట్టింది. కెనడాలో అల్గాంక్విన్ పార్కులోని ఆమెక్ క్యాంపులో పిల్లల ప్రవర్తనను గమనించి రాసిన లెక్కల మీద 1929లో ‘క్యాంపింగ్ అండ్ క్యారెక్టర్’ అనే పుస్తకం వచ్చింది. ఈ దారి చివరికి ఒక వింత చోటికి చేరింది. 1954లో ముజఫర్ షరీఫ్ అనే శాస్త్రవేత్త ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ పార్కుకు సుమారు పదకొండేళ్ల పిల్లల్ని 22 మందిని రప్పించాడు. వాళ్లకది మామూలు క్యాంపు. కౌన్సెలర్లుగా ఉన్నవాళ్లు మాత్రం పరిశోధకులు. షరీఫ్ స్వయంగా పనివాడి వేషంలో తిరిగాడు. రెండు జట్లు చేసి పోటీ పెడితే ఈగల్స్ జట్టు రాట్లర్స్ జెండాను కాల్చింది, ఒకళ్ల క్యాబిన్ల మీద ఇంకొకళ్లు దాడి చేశారు. నీళ్లు రాకుండా చేసి, అందరూ కలిస్తేనే తీరే చిక్కు పెట్టాక మళ్లీ కలిశారు. జట్ల మధ్య శత్రుత్వం ఎలా పుడుతుందో చెప్పడానికి పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ దీన్ని ఎత్తుకుంటాయి. దెబ్బలాట ఆపాల్సిన అన్నయ్య అది ముదిరేదాకా పక్కన నిలబడి రాసుకున్నాడు. నాకు ఆ ప్రయోగంలో గుర్తుండిపోయేది అదే.

చూసుకోవాల్సినవాడే పట్టించుకోకపోతే ఎలా అన్న భయాన్నే సినిమాలు పట్టుకున్నాయి. 1980లో వచ్చిన ‘ఫ్రైడే ది థర్టీన్త్’లో హత్యలకు కారణం ఒక్కటే: కౌన్సెలర్లు సరసాల్లో పడితే పిల్లాడు నీళ్లలో మునిగిపోయాడు. నిజం క్యాంపుల్లో అందుకే జతకట్టు పద్ధతి ఉంటుంది. ఈతలో ప్రతి పిల్లాడికీ ఒక జోడీ. ఈల వెయ్యగానే జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి, కౌన్సెలర్ లెక్క చూసుకోవాలి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఎనిమిది మందికి ఒక పెద్దవాడు ఉండాలని అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం. రాత్రి దీపాలార్పేటప్పుడు కొన్నిచోట్ల ఊదే ‘ట్యాప్స్’ అనే బూరా పాట 1862లో అంతర్యుద్ధ శిబిరంలో పుట్టింది. గన్‌గారి పిల్లలు ఆడిన సిపాయిలాట వాసన క్యాంపును ఇంకా వదల్లేదు.

జీతం సంగతి మాట్లాడితే అన్నయ్య ముచ్చట కాస్త వాడిపోతుంది. ఏడాదికి ఏడు నెలలకు మించి నడవని క్యాంపులకు అక్కడి కేంద్ర కనీస వేతన చట్టం వర్తించదు. రోజుకు ఇరవై నాలుగు గంటలూ పిల్లలతో ఉండే పనికి గంటల లెక్క ఎవడు కట్టగలడు అన్నది యజమానుల వాదన. స్థానిక కుర్రాళ్లు చాలక జే-1 వీసా మీద విదేశీ విద్యార్థుల్ని తెస్తారు. పద్దెనిమిదేళ్లు నిండాలి, నాలుగు నెలలకు మించి ఉండకూడదు.

మన దగ్గర సంగతేమిటి? 1940లో న్యాయపతి రాఘవరావు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. పిల్లలకు ఆయన రేడియో అన్నయ్య, ఆయన భార్య కామేశ్వరిగారు రేడియో అక్కయ్య. బాల్చ్ దీవి మీద కనిపెట్టిన బంధుత్వాన్ని వాళ్లు మైకు ముందు సహజంగా నడిపారు. కానీ ఇంటికి దూరంగా రాత్రి పడుకునే పిల్లల విషయానికొస్తే మనకున్నది వార్డెన్. 1971లో సర్వేల్ గురుకులంతో మొదలుపెట్టి ఎన్నో ప్రభుత్వ హాస్టళ్లు, వాటిని మించి కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లు వచ్చాయి. పక్కమంచం మీద పడుకునే అన్నయ్య ఉద్యోగాన్ని మాత్రం మనం సృష్టించుకోలేదు. పదేళ్ల పిల్లాడిని హాస్టల్లో వేసే దేశానికి అది పెద్ద లోటే.

మళ్లీ అమెరికాకే వస్తే, 2025 జూలై 4న తెల్లవారకముందు టెక్సస్‌లో గ్వాడలూప్ నది పొంగి మిస్టిక్ అనే ఆడపిల్లల క్యాంపును ముంచింది. పిల్లలు, కౌన్సెలర్లు కలిపి 27 మంది పోయారు. పోయిన కౌన్సెలర్లు ఇద్దరూ ఇరవై నిండనివాళ్లే. మెక్సికో నుంచి వచ్చిన ఇద్దరు పంతొమ్మిదేళ్ల కౌన్సెలర్లు, ఏదైనా జరిగితే గుర్తుపట్టడానికి వీలుగా, తమ క్యాబిన్ పిల్లల ఒంటి మీద పేర్లు రాశారు. ఆ సెప్టెంబరులో టెక్సస్ ప్రభుత్వం వరద ముంపు ప్రాంతాల్లో పిల్లల క్యాబిన్లు ఉండకూడదని చట్టం చేసింది.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు వేసవి క్యాంపుల బ్రోషర్లు జనవరి నుంచే మొదలవుతాయి. గుర్రాలు, పడవలు, విలువిద్య బొమ్మలు చూడండి. చూశాక క్యాంపుకు ఫోన్ చేసి, మా పిల్లాడి క్యాబిన్‌లో రాత్రి పడుకునేది ఎవరు, వాళ్ల వయసెంత, ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చారు, అర్ధరాత్రి నీళ్లొస్తే ఏ దారిన ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లకు చూపించారా అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే డబ్బు కట్టకండి.