‘ఎర్రర్’ అను మాట కథ

ఆంగ్లభాషలో తప్పును తెలుపు పదములు పెక్కు కలవు. ‘మిస్టేక్’ అనగా ఒకదానికి బదులు వేరొకదానిని తీసికొనుట. స్కాండినేవియా భాషలనుండి వచ్చినది. ‘లాప్స్’ అనగా లాటిన్‌లో జారుట. ‘బ్లండర్’ చేయువాడు కన్నులు మూసికొని నడచువాని వంటివాడు. ‘ఎర్రర్’ మాత్రము లాటిన్‌లో దారి తప్పి తిరుగుట అను క్రియనుండి పుట్టినది. ఖగోళశాస్త్రములోని ‘అబరేషన్’ అను పదమునకును అదియే మూలము. పైవాటిలో మొదటి మూడింటిని చేసినవాని అజాగ్రత్త వదలదు. ఎర్రర్‌కు కూడ ఒకప్పుడు అట్టి నిందయే ఉండెను. శాస్త్రజ్ఞుల చేతిలో అది ఎట్లు తొలగెనో తెలిసికొనుటకు గ్రీనిచ్ వేధశాలకు పోవలెను.

18వ శతాబ్ది చివర అక్కడ నెవిల్ మాస్కలీన్ రాజఖగోళజ్ఞుడు. డేవిడ్ కిన్నెబ్రూక్ ఆయన సహాయకుడు. దూరదర్శినిలో అమర్చిన సన్నని తీగను నక్షత్రము దాటు క్షణమును గుర్తించుట వారి పని. పరిశీలకుడు గడియారమును ఒకమారు చూచి, అటుపై దాని చప్పుడును చెవితో లెక్కించుచు, కంటితో నక్షత్రమును వెంబడింపవలెను. రెండు చప్పుళ్ల నాటికి నక్షత్రము తీగకు ఇవతల ఎంత దూరమున ఉండెనో, అవతల ఎంత దూరమున ఉండెనో మనస్సున నిలుపుకొని, సెకనులో పదియవ వంతువరకు అంచనా కట్టవలెను. కన్నును చెవిని ఒకేసారి నమ్ముకొను పద్ధతి యిది. నాటివారికి దీనియందు గట్టి విశ్వాసము.

1795 ఆగస్టులో కిన్నెబ్రూక్ గుర్తించిన కాలములు మాస్కలీన్ కాలములకంటె అర సెకను ఆలస్యముగా వచ్చుచుండెను. అతనికి ఆ సంగతి చెప్పిరి. 1796 జనవరి నాటికి తేడా తగ్గుటకు మారు 0.8 సెకనుకు పెరిగెను. ఇది స్వల్పమని తోచవచ్చును గాని, అంత కాలములో భూమధ్యరేఖపైనున్న చోటు దాదాపు 370 మీటర్లు తిరుగును. మాస్కలీన్ అతనిని పనినుండి తొలగించెను. ఇతర విషయములలో శ్రద్ధగల సహాయకుడనియు, మనసొప్పకయే విడిచితిననియు ఆయనయే వ్రాసెను. అయితే, తన కాలమే సరియైనదని ఆయనకు ఎట్లు తెలిసెను? ఆ ప్రశ్న అప్పుడెవరికిని తోచలేదు.

ఇరువది యేండ్లకు పైగా గడచినపిమ్మట కోనిగ్స్‌బర్గ్‌లోని బెసెల్‌కు తోచెను. ఈ వృత్తాంతమును చదివిన ఆయన, అనుభవముగల ఇతర పరిశీలకులతో తన కాలములను పోల్చి చూచెను. వాల్‌బెక్ అనునతనికి ఆయనకు నడుమ సెకనుకు మించిన తేడా కనబడెను! 1823లో ఆర్గెలాండర్‌తో పోల్చగా తేడా 1.22 సెకను. వీరిలో అజాగ్రత్తపరుడు ఎవడును లేడు. ఎవరి ఇంద్రియముల తీరు వారిది; ఆ తేడాను తెలిసికొని లెక్కలో సవరించుకొనవలెను. దీనికి ‘పర్సనల్ ఈక్వేషన్’ అని పేరు వచ్చినది. విద్యార్థులు ఇందు బీజగణిత సమీకరణమును వెదకనక్కరలేదు. ఖగోళజ్ఞుల వాడుకలో ఈక్వేషన్ అనగా సవరణ. కిన్నెబ్రూక్ తేడా అయిదు నెలలలో పెరిగిన మాట నిజమే. కాని ఒకే మనిషికి ఈ సవరణ ఎల్లకాలము ఒకే రీతిగా ఉండదని తరువాతివారును కనుగొనిరి.

ఇంతకుముందే, 1809లో, గౌస్ మరియొక జాతి ఎర్రర్లకు గణితమును సమకూర్చియుండెను. అవి ఒకప్పుడు హెచ్చుగా, ఒకప్పుడు తగ్గుగా వచ్చును; పెక్కు కొలతల సగటులో చాలవరకు అణగిపోవును. బెసెల్ చూపినవి ఒకే వైపునకు మొగ్గును గనుక సగటుకు లొంగవు. నేటికిని ప్రయోగశాలలో 6ను 9గా చదువుట మిస్టేక్ లేదా బ్లండర్. ఆ కొలతను కొట్టివేయుదురు. ఎర్రర్‌ను కొట్టివేయరు, ఫలితము ప్రక్కనే వ్రాయుదురు.

19వ శతాబ్ది నడుమ విద్యుత్తుతో పనిచేయు క్రోనోగ్రాఫ్ వచ్చెను. చెవికి పని తప్పెను. తేడాలు తగ్గెను గాని పూర్తిగా పోలేదు. 1868లో హాలండు దేశపు డాండర్స్, మనిషి ఒక సంకేతమును గ్రహించి బదులిచ్చుటకు పట్టు కాలముపై తన ప్రయోగములను ప్రకటించెను. గ్రీనిచ్‌లో ఒకని ఉద్యోగమును పోగొట్టిన ఆలస్యము వంటిదే అక్కడ కొలువదగిన వస్తువైనది.