మనుషుల్ని తీసేయాల్సి వచ్చినప్పుడు, వేధింపుల ఫిర్యాదు వచ్చినప్పుడు: మేనేజర్లు తెలుసుకోవలసినవి

జేకేపూర్‌లో 1962లో కాగితం మిల్లు వచ్చిన నాటి నుంచి మన కుటుంబాలు రాయగడ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ వస్తున్నాయి. ఇక్కడా, దూర ప్రాంతాల్లోనూ మన పిల్లలు ఇప్పుడు సూపర్‌వైజర్లు, మేనేజర్లు. వారి కోసమే ఈ వివరాలు.

తొలగింపు

పేపర్లు అన్నిటినీ లేఆఫ్ అనే రాస్తాయి. చట్టంలో మాత్రం, ముడిసరుకో కరెంటో లేక తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడమే లేఆఫ్. పూర్తిగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. దానికి 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం:

• ఏడాది సర్వీసు ఉన్న కార్మికునికి కారణం రాసి నెల నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి.
• పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చెల్లించాలి.
• మామూలుగా చివర చేరినవారే ముందు వెళ్లాలి. వరుస మారిస్తే కారణం రాసిపెట్టాలి.
• 300 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్ ఈ కార్మికుల లెక్కలోకి రారు. వారు తమ నియామక పత్రంలోని షరతులు చూసుకోవాలి.

లైంగిక వేధింపు

2013 చట్టం ప్రకారం 10 మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే. ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. కాంట్రాక్టు, దినకూలీ మహిళలకూ ఈ రక్షణ ఉంది. పదిమంది లేనిచోటా, యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడూ జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. మేనేజరు తానే విచారణ చేయకూడదు, పేర్లు బయటపెట్టకూడదు.

రెండూ ఒకేసారి వస్తే

అసలు చిక్కు ఇక్కడే. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు నెల తిరక్కుండా తొలగింపు జాబితాలో కనబడితే, "లిస్టు పైనుంచి వచ్చింది" అని మేనేజరు తప్పించుకోలేడు. ఎవరి పేరు ఎందుకు చేర్చారో సీనియారిటీ ప్రకారం రాసి ఉంచాలి. ఫిర్యాదు పెండింగులో ఉందన్న సంగతి పైవారికి కాగితం మీద తెలపాలి. ఆమె రాసి కోరితే, కమిటీ సిఫార్సు మీద విచారణ ముగిసేదాకా బదిలీ గానీ, 3 నెలల వరకు సెలవు గానీ ఇవ్వాలి.

ఒక మనవి. ఇలాంటి విషయాలను "మనవాళ్లే కదా" అని సంఘం దగ్గరికి పంచాయతీకి తేవద్దు. అర్జీ రాయడానికి సాయపడతాం, ఆఫీసుకు తోడు వస్తాం. రాజీ మాత్రం కుదర్చం.