మార్లవాయి గుడిసె నుంచి పట్టా కాగితం దాకా



హైమన్‌డార్ఫ్ పేరు మన గ్రూపులో చాలామందికి తెలుసు. జనవరి 11న మార్లవాయికి పోయి దండం పెట్టుకొని వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ ఆయన ఇక్కడ చేసిన పని ఏంటి, అందులో ఏది నిలిచింది, ఏది కూలింది అని అడిగితే "గోండులకు మేలు చేసిన దొర" అనే ఒక్క మాటతో ఆపేస్తాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాట సరిపోదు. కొంచెం ఓపికగా చదవండి.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలె. ఆయన తనంతట తాను మనల్ని వెతుక్కుంటూ రాలేదు. బంచరాయి పన్ను, అడవి నుంచి వెళ్లగొట్టుడు, చౌకీదార్ల జులుం మీద కుమ్రం భీం తిరగబడ్డడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాతే సర్కారుకు "అసలు ఈ గోండులకు కష్టం ఏంటి?" అనే ప్రశ్న పుట్టింది. అంటే మార్లవాయిలో జరిగిన ప్రతి మంచి పనికీ ముందు జోడేఘాట్ నెత్తురు ఉంది. ఈ వరుసను తలకిందులు చేసి చెప్పుకోవద్దు.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిండు. ఆయనది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి రెండో ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ వాళ్లు హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర పని చేసి ఆదిలాబాద్‌కు వచ్చిండు. ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో, మన ఇళ్ల లాంటి ఇంట్లోనే భార్య బెట్టీతో కలిసి ఉన్నడు. ఊరూరు తిరుగుడు, ఇంటింటి లెక్క రాసుకునుడు, పండుగ చూసుడు, పంచాయితీ వినుడు, ఇదీ వాళ్ల బతుకు. ఆ తిరుగుడులో బెట్టీ సగం పని మోసింది.

తిరిగితే తేలింది ఏంటంటే, మన పెద్దలు తరతరాలుగా దున్నిన భూమికి కాగితం లేదు. చాలా భూములు శివాయి జమాబందీ కింద ఉండేవి. శిస్తు కట్టించుకుంటరు, హక్కు మాత్రం ఇయ్యరు. బయటి నుంచి వచ్చిన షావుకారు దఫ్తర్‌కు పోయి అదే భూమిని తన పేరున రాయించుకుంటే, దున్నేటోడు రాత్రికి రాత్రే పాలేరు అయ్యేది. పట్వారీ ఏం రాసిండో చదివేవాడు ఊర్లో ఒక్కడూ ఉండకపోయేది.

అందుకే అక్కడ భూమి పనీ బడి పనీ కలిసి నడిచాయి. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ మాటలను దేవనాగరి లిపిలో అచ్చు వేసి వాచకాలు చేశారు. పిల్లలకు ముందు సొంత భాషలో అక్షరం, ఆ తర్వాత మిగతా భాషలు. పంతులు కూడా మనోడే. అక్కడ చదివినవాళ్లలో కొందరు పట్వారీలు, గుమాస్తాలు అయ్యారు. సేతుమాధవరావు పగడి లాంటి అధికారి గోండీ నేర్చుకొని మరీ పని చేసిండు. ఇంకోపక్క లావుణి పట్టాలు వచ్చాయి. 1940లలో ఆదిలాబాద్ ఆదివాసులకు లక్ష ఎకరాలకు పైగా భూమి దక్కింది.

మరి ఎందుకు కూలింది? హైమన్‌డార్ఫ్ వెళ్లిపోయిండు, పగడి బదిలీ అయిండు. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసినంక గోండీ బోధనను పక్కన పెట్టేశారు. రోడ్లు పడ్డయి, వాటి వెంట వలసలు వచ్చినయి. 1970లలో ఆయన మళ్లీ వచ్చి చూస్తే, పట్టా ఇచ్చిన భూములే ఎన్నో పరాయి చేతుల్లో కనబడ్డయి. 1982లో అచ్చయిన పుస్తకంలో ఆ బాధనే రాసిండు. అప్పటికే 1/70 చట్టం ఉంది. చట్టం ఉన్నా భూమి పోయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆ కోపానికి జవాబుగా తూటాలు పేలాయి.

నాకు అర్థమైంది ఇది. సాయం చేయడానికి వచ్చినవాడు ఎంత మంచోడైనా ఒకరోజు పోతడు. ఊర్లో మిగిలేది కాగితం చదవగలిగిన మనిషే. మార్లవాయిలో పెట్టిన విత్తనాల్లో అన్నిటికన్నా గట్టిది ఆ గోండు పంతులే.

బెట్టీ 1987లో, హైమన్‌డార్ఫ్ 1995లో పోయారు. 2012లో ఆయన అస్థికలు కూడా మార్లవాయికే చేరాయి. ఇప్పుడు ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. దండం పెట్టండి, తప్పు లేదు. కానీ ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. తాతల కాలం లావుణి పట్టా సందూకలో ఉందేమో వెతకండి. సర్వే నంబరు రాసుకొని, ఇప్పటి పహాణీలో ఎవరి పేరు ఉందో చూడండి. మార్లవాయిలో చదివిన పంతుళ్లు మీ ఊరి దిక్కు ఎవరైనా ఉండేనా అని ముసలోళ్లను అడిగి రాసి పెట్టుకోండి. అడిగేటోళ్లు లేకపోతే ఆ పేర్లు ముసలోళ్లతోనే పోతయి.

జై సేవా.