సయాము వంటలో కారము

బాంకాకు నగరములో ఏదైన భోజనశాలకు పోయి కూర్చున్నచో, మొగము చూచి పరదేశియని గుర్తించిన వడ్డనవారు తరచు అడుగు మాట ఒకటి కలదు: "ఫెట్?" అని. కారము తినగలరా అని దాని భావము. గుంటూరు మిరపకాయ నెరిగిన మనవారు ఈ ప్రశ్నకు చిరునవ్వు నవ్వి తల ఊపుదురు. పచ్చి బొప్పాయి కోరును చిన్న మిరపకాయలతో రోట దంచిన 'సోమ్ తమ్' రెండు ముద్దలు నోట పెట్టిన తరువాత ఆ చిరునవ్వు నిలుచునో లేదో చెప్పలేను. ఆ చిన్నకాయ పేరు 'ఫ్రిక్ ఖీ నూ'. ఎలుక పెంటిక వంటి మిరప అని అర్థము. పేరు మోటు; పని గట్టిది.

ఇంతటి కారము ఆ దేశమున అనాదిగా ఉన్నదనియే ఎవరైనను అనుకొందురు. కాని మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు సముద్రము దాటక పూర్వము ఆసియాలో ఏ వంటయింటను అది లేదు. 1511లో పోర్చుగీసు సేనాని ఆల్బుకర్కు మలక్కా రేవును పట్టుకొని, ఆ ఏటనే దుఆర్తె ఫెర్నాండెజు అను దూతను సయాము రాజధానియైన అయుధ్యకు పంపినాడు. 1516లో ఇరువురకును వర్తకపు ఒడంబడిక కుదిరినది. మిరప వారి ఓడలవెంట తూర్పుదేశములకు వచ్చినదని చరిత్రకారుల అభిప్రాయము. విత్తనపు మూట దిగినందులకు శాసనము వేయించు రాజు ఎక్కడను ఉండడు కదా!

ఆనవాలు మాత్రము భాషలో మిగిలినది. 'ఫ్రిక్' అనునది మొదట మిరియమునకు పేరు. క్రొత్త కాయ వచ్చి ఆ పేరును తాను లాగికొనగా, పాతదానికి 'ఫ్రిక్ థాయ్', అనగా థాయి మిరియము, అని విశేషణము తగిలింపవలసివచ్చినది. ఉన్న యింటివాడు తానెవరో చెప్పుకొనవలసిన గతి! మన మిరపకాయయు మిరియము పేరుననే లోపలికి వచ్చినది. భోజనమును గూర్చి అంత మక్కువతో చెప్పిన శ్రీనాథుడు ఎరిగిన ఘాటు మిరియము, అల్లము, ఆవపిండిదే.

1687లో ఫ్రెంచి రాయబారియై వచ్చిన లా లూబేర్ సయామువారి తిండిని గూర్చి వ్రాయుచు అన్నమును, చేపలను, 'కపి'ని పేర్కొన్నాడు. కపి యనగా రొయ్యలను ఉప్పువేసి పులియబెట్టి నూరిన ముద్ద. దానికి వెల్లుల్లి, మిరప, నిమ్మరసము చేర్చి దంచినచో 'నామ్ ఫ్రిక్' అగును. మన రోటిపచ్చడికి దాయాది. సామాన్యుని యింట అసలు భోజనము అన్నము, ఈ పచ్చడి, నాలుగు పచ్చికూరలు.

భోజనశాల కథ వేరు. అంగట తినుట ఆ నగరమునకు అలవాటు చేసినవారు ముఖ్యముగా చీనావారు. 1782లో బాంకాకు రాజధానియైనపుడు, రాజభవనము కట్టదలచిన స్థలములోని చీనా వర్తకులను సంపెంగ్ ప్రాంతమునకు తరలించినారు. కాలక్రమమున వారి వరిపిండి సేమ్యాలు కావడులమీదను, కాలువలలో పడవలమీదను ఊరంతయు తిరిగినవి.

1938 మొదలు 1944 వరకు ప్రధానిగా నుండిన ఫిబూన్ సంగ్రామ్ తీవ్ర జాతీయవాది. 1939లో సయాము పేరును థాయిలాండుగా మార్చినది ఆయన ప్రభుత్వమే. ఆ ప్రభుత్వము ఒక చేత చీనా పాఠశాలలను మూయించినది, పెక్కు వృత్తులను పరదేశులకు నిషేధించినది. రెండవ చేత ప్రజలను సేమ్యాలు తినుడని ప్రోత్సహించినది. ఆ కాలమున వ్యాప్తికి వచ్చిన 'ఫద్ థాయ్' నేడు జాతీయ వంటకముగా చెలామణి అగుచున్నది. పేరు థాయి, మూకుడును, వేపు పద్ధతియు చీనావారివి, పైన చల్లు మిరపపొడియు, వేరుసెనగపప్పును అమెరికావి. తినువానికి ఈ లెక్కలతో పనిలేదు. కాని వండినవాని వీథిలో బడికి తాళము పడిన సంగతి పళ్లెములో కనబడదు.

2002లో థాయి ప్రభుత్వము ఇతరదేశములలో తమ భోజనశాలలను పెంచు పథకము నారంభించినది. 2024లో యునెస్కో 'తోమ్ యమ్ కుంగ్' అను రొయ్యల పులుసును మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. నిమ్మగడ్డి, మన పచారీ దుకాణములలో దొరకు దుంపరాష్ట్రము వంటిదే ఒక దుంప, నిమ్మ ఆకులు వేసి మరగించు ఈ పులుసులో మిరపకాయ చివర పడును. నోరు మండినచో మంచినీళ్లు త్రాగి లాభము లేదు. మిరపలోని కారము నీట కరగదు. ప్రక్కనున్న అన్నము దగ్గరకు లాగికొనవలెను.