చలికాలపు బొంత



మీ యింటి అటకమీదనో, పాత పెట్టె అడుగుననో మీ అమ్మమ్మ కుట్టిన బొంత యొకటి యున్నదా? ఉన్నయెడల దానిని దింపి వెలుతురులో పరచి చూడుడి. చిరిగిన చీరల పొరలు, నడుమ ఎవరిదో చిన్ననాటి గౌను ముక్క, అంచున తాతగారి పంచె పేలిక, వీటినన్నిటిని కలిపి పట్టుకొనిన వేలకొలది చిన్న కుట్లు కనబడును. బొంత అనగానే బీదతనపు గుర్తని యెంచి మనలో అనేకులు దానిని చుట్టముల కంటబడనీయరు. ఆ బొంతవంటి దుప్పట్లే ఒక మారుమూల పల్లెయొక్క కథను లోకమునకు చెప్పిన సంగతి నేడు మీకు వివరింపగోరుచున్నాను.

నది వంపులోని ఊరు

అమెరికా దేశపు దక్షిణభాగమున అలబామా అను రాష్ట్రము కలదు. ఆ పేరే గల నది విల్కాక్స్ కౌంటీ అను జిల్లాలో గుఱ్ఱపు లాడమువలె వంగి పారుచున్నది. ఆ వంపులో, మూడు ప్రక్కల నీరు గల నేలమీద, ఒక పల్లె యున్నది. 1816లో ఉత్తర కెరొలినా నుండి వచ్చి అక్కడ ప్రత్తితోట పెట్టిన జోసఫ్ గీ అను భూస్వామి పేరున దానికి గీస్ బెండ్, అనగా ‘గీ వంపు’, అను పేరు వచ్చెను. తరువాత ప్రభుత్వమువారు దానికి బోయ్‌కిన్ అని పేరు మార్చినను, ఊరివారి నోట పాతపేరే నిలిచినది.

1845లో ఆ తోట మార్క్ పెట్‌వే అనునతని చేతికి వచ్చెను. అతడు సుమారు 100 మంది నీగ్రో బానిసలను ఉత్తర కెరొలినా నుండి కాలినడకన అక్కడికి రప్పించెను. 1865లో బానిసత్వము చట్టము వలన రద్దయ్యెను గాని, నేల మాత్రము దొరలదే. విడుదల పొందినవారు అదే పొలములో పాలికాపులై, పంటలో భాగము చెల్లించుచు బ్రదికిరి. విడిచిపోయిన యజమానుని పేరే వారికి యింటిపేరుగా మిగిలెను. నేటికిని ఆ ఊరిలో పెట్‌వేలు ఎందరో కలరు. వారందరును రక్తసంబంధులు కారు. ఒకే కాడి క్రింద మెడ వంచినవారి సంతతి.

1920వ సంవత్సరము తరువాత ప్రత్తి ధర పడిపోయెను. విత్తనమునకును తిండిగింజలకును పొరుగు పట్టణపు వర్తకుడొకడు వారికి అరువిచ్చుచుండెను. అతడు మరణింపగా, 1932లో అతని కుటుంబమువారు బాకీ క్రింద సుమారు 60 కుటుంబముల సొత్తును జప్తు చేయించిరి. కంచరగాడిదలు, ఆవులు, పందులు, కోళ్లు, నాగళ్లు, గాదెలో దాచుకొనిన మొక్కజొన్న, అన్నియు బండ్లమీద తరలిపోయెను. ఆ చలికాలమున రెడ్‌క్రాస్‌వారు పంచిన పిండితోను, అడవిలో వేటాడి తెచ్చుకొనిన దానితోను ఆ పల్లె ప్రాణము నిలుపుకొనెను.

చలిగాలికి మూడు పొరలు

ఇంతటి లేమిలో వారి స్త్రీలు ఏమి చేసిరి? సూది పట్టుకొనిరి.

వసంతమున విత్తుట, వేసవిలో కలుపు తీయుట, ఆకురాలు కాలమున ప్రత్తి యేరుట. ఈ పనులలో స్త్రీలు పురుషులతో సమముగా పొలములోనే యుండిరి. చలికాలము వచ్చిన తరువాతనే కుట్టుపనికి తీరిక దొరకెను. ఆ తీరికలోనే అవసరమును మిక్కుటముగా నుండెను. వారి యిండ్లు దుంగలతోను పలకలతోను కట్టినవి. సందులలోనుండి గాలి యీలవేయుచు లోపలికి వచ్చును. గోడలకు పాత వార్తాపత్రికలు అంటించిరి. పిల్లలు పండుకొను చోట బొంతలు పరచిరి, కప్పిరి, గాలి వచ్చు సందులకు అడ్డము పెట్టిరి. ఒక్కొక్క మంచమునకు ఒకటి చాలక రెండు మూడు కావలసి వచ్చెను. కనుక బొంత కుట్టుట వారికి ముచ్చట కాదు. బిడ్డ తెల్లవారుజామున వణకకుండ నిద్రించుట దానిమీదనే ఆధారపడియుండెను.

ఆ బొంతకు మూడు పొరలుండును. పైపొర పేలికలతో అతికినది. నడిపొర దూది, ప్రత్తిమిల్లు నేలమీద ఊడ్చిన చెత్త ప్రత్తిని తెచ్చుకొని, కఱ్ఱలతో కొట్టి మెత్తన చేసెడివారు. క్రిందిపొర పిండి సంచులు, ఎరువు సంచులు విప్పి కుట్టినది. పైపొరను ఎవరికి వారే తమ యింట, తమ బుద్ధికి తోచినట్లు అతుకుకొందురు. మూడు పొరలను కలిపి కుట్టునప్పుడు మాత్రము ఇరుగుపొరుగు స్త్రీలు కూడుదురు. పెద్ద కొయ్యచట్రము నలువైపుల కూర్చుండి, కీర్తనలు పాడుకొనుచు, ఒకరి కష్టము ఒకరికి చెప్పుకొనుచు, ప్రార్థించుచు కుట్టెడివారు. చిన్నపిల్లలు చట్రము క్రింద కూర్చుండి పైకి చూచుచు, సూది దిగివచ్చి మరల పైకిపోవుట కనిపెట్టుచు, ఆ విద్య నేర్చుకొనిరి.

ఇక్కడ ఒక విశేషమున్నది. దుకాణములో కొన్న నూతన వస్త్రమైనచో మాదిరి ప్రకారము సరిగా కత్తిరింపవచ్చును. చిరిగిన లాగు, వెలిసిన చొక్కాతో అట్లు కుదరదు. ఉన్న ముక్క పొడవే కొలత. అందుచేత వారి చతురములు ఒక ప్రక్కకు ఒరిగినవి, చారలు నడుమ తెగి మరియొక రంగులో సాగినవి. మోకాలి అతుకు విప్పిన చోట వెలియని ముదురు నీలము తళుక్కున కనబడును. ఒక చతురము చుట్టు మరియొక చతురము పెరుగునట్టి మాదిరికి వారు ‘ఇంటికప్పు’ అని పేరు పెట్టిరి. లేమి చేసిన కొలతను వారు తమ సొంత అందముగా మార్చుకొనిరి.

ఒక విధవరాలి బొంత

1942లో మిజోరి పెట్‌వే అను స్త్రీ ఒక బొంత కుట్టెను. ఆమె భర్త మరణించెను. పొలములో అతడు తొడుగుకొనిన పనిబట్టలు ఇంట మిగిలెను. ఆమె తన కుమార్తెయైన అర్లోంజియాను సహాయమునకు పిలిచి, ఆ బట్టలు విప్పి, చింపి, ముక్కలుగా అతికెను. భర్తను జ్ఞాపకము చేసికొనుటకును, ప్రేమతో దానిని కప్పుకొనుటకును తన తల్లి అట్లు చేసెనని ఆ కుమార్తె ముసలితనమున చెప్పెను. మరకలు పడి, చెమటకు వెలిసిన ఆ గుడ్డలలో ఒక మనుష్యుని దినములన్నియు నున్నవి. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్ నగరమందలి జాతీయ చిత్రశాలలో నున్నది. అయితే అది చిత్రశాలకొరకు కుట్టబడలేదు. ఒక విధవరాలి రాత్రులకొరకు కుట్టబడినది.

పడవ ఆగిన ఊరు

1937 ప్రాంతమున ప్రభుత్వమువారు ఆ తోటను కొని, తక్కువ వడ్డీకి అప్పులిచ్చి, క్రొత్త యిండ్లను, పాఠశాలను కట్టించిరి. 1940 తరువాతి యేండ్లలో అనేక కుటుంబములు ఆ భూమిని కొనుక్కొనిరి. బానిసల మనుమలు తమ తాతలు దున్నిన నేలకే హక్కుదారులైరి. దీని ప్రయోజనము తరువాత తెలిసినది.

జిల్లా ముఖ్యపట్టణమైన క్యామ్డెన్ నది కావలి గట్టున నున్నది. పడవమీద దాటి అక్కడికిపోయి నీగ్రోలు ఓటు హక్కుకై పేర్లు నమోదు చేయించుకొన యత్నింపగా, 1962లో ఆ పడవ నిలిపివేయబడెను. దగ్గరలోనే కనబడు పట్టణమునకు చుట్టుదారిన గంటసేపు ప్రయాణము చేయవలసి వచ్చెను. ఆ పడవ మరల నడచుటకు 2006 వరకు, అనగా 44 సంవత్సరములు, పట్టినది!

1965 ఫిబ్రవరిలో వర్షము కురియుచున్న ఒక రాత్రి మార్టిన్ లూథర్ కింగ్ గారు ఆ ఊరి బాప్తిస్టు సంఘపు మందిరములో మాటలాడిరి. ఊరివారు ధైర్యము తెచ్చుకొని పేర్లు వ్రాయించుకొన బోయిరి. గీస్ బెండ్ వారికి సొంత నేల యుండుటచేత వారిని వెళ్లగొట్టుట సుళువు కాలేదు. చుట్టుప్రక్కల పల్లెలలో దొరల భూమిమీద కాపురమున్నవారు అనేకులు ఇండ్లు పోగొట్టుకొనిరి.

తీగమీద ఆరవేసిన బొంతలు

ఆ యేటి డిసెంబరులో ఫ్రాన్సిస్ వాల్టర్ అను ఎపిస్కోపల్ సంఘపు గురువు ఆ జిల్లాలో తిరుగుచు, ఒక యింటి ముందర తీగమీద ఆరవేసిన బొంతలు చూచి నిలిచిపోయెను. అవి ఎవరివని అడుగబోగా, తెల్లవాడు వచ్చుట చూచి ఆ యింటి స్త్రీ అడవిలోనికి పారిపోయెనట. ఆ కాలపు భయము ఎట్టిదో గ్రహింపుడి.

అయినను ఆయన మరల వచ్చి నెమ్మది మాటలాడి, ఒక్కొక్క బొంతకు 10 డాలర్లు చొప్పున కొని, న్యూయార్కు నగరమున వేలము వేయించెను. 1966 మార్చి నెలలో ఆ స్త్రీలే ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అను సహకార సంఘమును స్థాపించుకొనిరి. ఎస్టెల్ విదర్‌స్పూన్ అను ఆమె బహుకాలము దానిని నడిపెను. సంఘము 23 ఎకరముల నేల కొని, కుట్టుశాల కట్టి, ఓటు అడిగినందుకు నిలువ నీడ లేకపోయిన కుటుంబములు కొన్నింటికి ఇంటిస్థలములు అమ్మెను. చలికాలపు సూదిపని పొరుగువారికి ఇల్లు నిలిపినది.

1972లో సియర్స్ అను పెద్ద వర్తక సంస్థ వారికి కార్డురాయ్ బట్టతో తలగడ గలీబులు కుట్టు పని నిచ్చెను. నికరమైన కూలి వచ్చెను. కాని గలీబులన్నియు ఒకే కొలత, ఒకే తీరు. ‘నా తీరున’ కుట్టుటకు అందులో చోటు లేదు. ఆ స్త్రీలు ఏమి చేసిరో చూడుడి. మిగిలిన కార్డురాయ్ పేలికలు మూటకట్టుకొని యింటికిపోయి, రాత్రులందు తమ బొంతలు తమ తీరుననే కుట్టుకొనిరి. పగటి కుట్టు కడుపునకు, రాత్రి కుట్టు మనస్సునకు.

గోడమీదికెక్కిన బొంతలు

విలియమ్ ఆర్నెట్ అను సేకర్త ఆ బొంతలను కొని ప్రోగుచేసెను. 2002లో హ్యూస్టన్ నగరమందలి లలితకళల ప్రదర్శనశాలలో అవి గోడలకు వ్రేలాడెను. పిమ్మట న్యూయార్కు మొదలగు నగరములకు పోయెను. 2006లో తపాలాశాఖవారు 10 బొంతల బొమ్మలతో బిళ్లలు ముద్రించిరి. సంచులనుండి చింపిన గుడ్డను గొప్ప చిత్రకారుల పటములతో పోల్చి పండితులు వ్రాసిరి.

ఈ ఘనత వెంట ఒక వివాదము కూడ వచ్చెను. తమకు రావలసిన ప్రతిఫలము న్యాయముగా రాలేదని 2007లో ఆ ఊరి స్త్రీలు కొందరు దావా వేసిరి. 2008లో అది రాజీతో ముగిసెను. తీర్పు చెప్పుట నా పని కాదు. కాని ప్రశ్న మనకును ఉన్నది. ఇంటి స్త్రీ చేతిపనికి వెల యెంత? దానిని ఎవరు కట్టవలెను? చక్కగా కుట్టినదని మెచ్చుకొని, కూలి యడిగినప్పుడు ‘తీరికవేళ చేసినదే గదా’ అని తగ్గించువారు మన ఊళ్లలో లేరా?

సహకార సంఘము 2012లో మూతపడెను గాని, కుట్టుపని ఆగలేదు. మనుమరాండ్రు నేటికిని గీస్ బెండ్‌లో బొంతలు కుట్టుచున్నారు.

మీ చేతిలోని సూది

చదువరులారా, యొప్పే పట్టణమున దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె మంచితనమును మాటలతో వర్ణింపలేదు. ఆమె కుట్టిన అంగీలు పట్టుకొనివచ్చి పేతురునకు చూపిరి. గీస్ బెండ్ చరిత్రకును అట్టి సాక్ష్యమే యున్నది. ఆ ఊరి స్త్రీలు తమ కష్టమును బొంతలలో దాచిరి.

చలికాలపు సాయంకాలములు మనకును వచ్చును. బొంత కుట్టుటకు ఓపిక లేనిచో, బైబిలును కీర్తనల పుస్తకమును పెట్టుకొను చేతిసంచితో ప్రారంభింపుడి. విధానము ఒకటే. బట్టలు ముందుగా ఉతికి ఆరవేయుడి; లేనియెడల తరువాత ఒక్కొక్కటి ఒక్కొక తీరున ముడుచుకొనును. నలిగి పలచబడిన గుడ్డను అడుగునకును పిడికిని వాడకుడి. అక్కడ బరువు పడును. పైన పేలికల అతుకు, నడుమ పలుచని దూదిగాని పాత తువాలుగాని, లోపల గట్టి బట్ట. ఈ మూడింటిని పెద్ద టాకాలతో నిలిపి, నడుమనుండి అంచులవైపు కుట్టుచు పోవుడి. అంచునుండి లోపలికి వచ్చినయెడల నడుమ ఉబ్బును.

మరియొక మాట. గీస్ బెండ్ బొంతలలో అనేకముల మీద కుట్టినవారి పేరు లేదు. కుమార్తెలు జ్ఞాపకముంచుకొని చెప్పుటచేతనే అవి మనకు తెలిసినవి. కావున మీ సంచి లోపల, చిన్న అక్షరములతో, ఏ ముక్క ఎవరి బట్టయో, ఏ సంవత్సరము కుట్టితిరో దారముతో వ్రాయుడి. ఇప్పుడే అటకమీదనుండి దింపిన బొంతకు కూడ అట్లే చేయుడి. అమ్మమ్మను ఎరిగినవారు ఇంట ఇంకను ఒకరుండగానే, ఆ చీరలు ఎవరివో అడిగి తెలిసికొనుడి.