చెఱకుసీమ బడులలో ఉపాధ్యాయుల యారోగ్యము

1931లో పూర్తియైన నిజాంసాగరమునుండి మంజీర నీరు కాలువలవెంట పొలములకు పాఱిన పిమ్మట, నిజామాబాదు బోధను ప్రాంతములు చెఱకుసీమ యని పేరొందినవి. 1937లో బోధనుచెంత శక్కర్‌నగరున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసెను. 2015 డిసెంబరులో మూతపడువఱకు ఆ సీమకు అదియే గడియారము. గానుగ యాడినంతకాలము ఊరు మేల్కొని యుండెడిది. అందలి కార్మికుల బిడ్డలును, చెఱకు రైతుల బిడ్డలును మావంటి ఉపాధ్యాయుల యొద్ద అక్షరములు దిద్దుకొనిరి. ఆ తండ్రికిని ఈ గురువునకును నడుమ నుండిన యొక భేదమును పాఠకులు గమనింపవలెనని మా కోరిక.

1948నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికుని దేహమును లెక్కలోనికి తెచ్చెను. త్రాగునీరు, గాలి, వెలుతురు, స్త్రీపురుషులకు వేర్వేఱు మరుగుదొడ్లు, ప్రథమచికిత్స పెట్టె, ఇవి యజమాని దయాదానములు కావనియు, చెల్లింపవలసిన ఋణములనియు శాసించెను; తనిఖీకి అధికారులను నియమించెను. అది అంతటను చక్కగా అమలుజరిగెనని మేమనము. అయినను అడుగుటకు కార్మికునకు హక్కుండెను.

ఉపాధ్యాయునకో? బడి కర్మాగారము కాదు గనుక ఆ చట్టమతనికి వర్తింపలేదు. గోవాకు చెందిన యొక ఉపాధ్యాయిని వ్యాజ్యమున 1988లో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదముల చట్టమునందలి ‘కార్మికుడు’ అను మాటలో ఉపాధ్యాయులు చేరరని తీర్పుచెప్పెను. బోధన ఉదాత్తమైన వృత్తి యని అందు ప్రశంసయు కలదు. గౌరవమునకు లోపము లేదు. కాని గౌరవము దాహము తీర్పదు గదా!

ఈ మాట మేము ఊరక యనుట లేదు. మాతో పనిచేసిన సోదరీమణులు కొందఱు ఉదయము ఇల్లు వెడలినది మొదలు సాయంకాలమువఱకు గ్రుక్కెడు నీరు త్రాగెడివారు కారు. బడిలో వారు పోదగిన మరుగుదొడ్డి లేకుండుటయే కారణము. నీరు త్రాగకుండుటయు, మూత్రము నాపుకొనుటయు మూత్రకోశ రోగములకు దారితీయునని వైద్యులెల్లరు నెఱిగినదే. సుద్దపొడి పీల్చుట, క్రిక్కిఱిసిన తరగతిలో గొంతు చించుకొనుట వీనికి తోడు.

మన ఉపాధ్యాయ సంఘములు చిరకాలము జీతములు, బదిలీలు, పింఛనులు అను విషయములకై పోరాడినవి. ఆకలి ముందు తీఱవలెను గనుక అది తప్పు కాదు. ఆరోగ్యవిషయమున వారికి దొరికిన ఆయుధము మాత్రము బిడ్డల హక్కు. 2004 జులై 16న తమిళనాట కుంభకోణమునందలి బడిలో నిప్పంటుకొని 94 మంది పసివారు మరణించిరి. ఆ ఘోరము దరిమిలా 2009లో సుప్రీంకోర్టు, సురక్షితమైన బడి విద్యాహక్కులో భాగమని నిర్ణయించెను. ఆ యేడే పుట్టిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చెను. కరోనా కాలమున తెలంగాణ బడులలో పారిశుద్ధ్యపు పనివారిని తొలగించి, ఆ భారమును పంచాయతీలకు, పురపాలక సంఘములకు ఒప్పగించినప్పుడు, యు.టి.ఎఫ్. మొదలగు సంఘములు పనివారిని మరల నియమింపుడని యేండ్లతరబడి కోరినవి. తుదకు 2024లో ప్రభుత్వము విద్యార్థుల సంఖ్యనుబట్టి పారిశుద్ధ్యమునకు ధనమిచ్చుటకు సమ్మతించెను.

ఇది జయమే, కాని సగము జయము. విద్యాహక్కు చట్టపు అనుబంధమును విప్పి చూడుడు: బాలురకు, బాలికలకు వేర్వేఱు మరుగుదొడ్లు కలవు, ఉపాధ్యాయినికై యొక్కటియైన అందు పేర్కొనబడలేదు. పాఱిసు నగరమున 1966 అక్టోబరు 5న ఆమోదింపబడిన అంతర్జాతీయ సిఫారసు, ఉపాధ్యాయులకు ఉచితముగా నియతకాల వైద్యపరీక్షలు జరుపవలెనని చెప్పియున్నది. నిజామాబాదు పల్లెబడులలో పనిచేయు మాకు అది నేటికిని పుస్తకములోని మాటయే.

సంఘములు ఇకమీదట ఈ రెండింటిని వేర్వేఱు కోరికలుగా నిలువబెట్టవలెను. పాఠకులకును ఒక మనవి: మీ బిడ్డల బడికి పోయినపుడు మార్కుల సంగతి యడిగిన పిమ్మట, పంతులమ్మగారు త్రాగునీటిచెంబు నిండుగా ఇంటికి తిరిగి వచ్చుచున్నదా యని కూడ విచారింపుడు.